పాత ప్రశ్నపత్రాల పుస్తకానికి కాపీరైట్ నోటీసు: ఒక కేస్ స్టడీ

ఈ వివాదం కోర్టు మెట్లెక్కకుండానే ముగిసింది కాబట్టి ఏ లా జర్నల్‌లోనూ కనపడదు. అయినా రాసి పెడుతున్నాను. ఇలాంటి నోటీసు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చే టీచర్లు దాదాపు అందరూ ఈ క్లయింట్ చేసిన పొరపాటే చేసి వస్తున్నారు. మొదట్లో నేనూ ఒక తప్పుదారి పట్టాను, అదీ దాచకుండా చెబుతాను. క్లయింట్ అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, సంస్థల పేర్లు, మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

క్లయింట్ రిటైరైన లెక్కల మాస్టారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడాదీ పబ్లిక్ పరీక్ష అయిపోగానే పిల్లల దగ్గర ప్రశ్నపత్రాలు అడిగి తీసుకుని దాచేవారు. రిటైరయ్యాక ఆయన, మరో ఇద్దరు టీచర్లు కలిసి వాటిని డీటీపీ చేయించి ఒక వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. పబ్లిక్ పరీక్షల పేపర్లు 22 ఏళ్లవి, ఒక ప్రైవేట్ స్కూళ్ల సంఘం తయారు చేయించే ప్రీ ఫైనల్ పేపర్లు 8 ఏళ్లవి. తర్వాత పిల్లలు అడిగారని సొల్యూషన్లు కూడా చేర్చి పుస్తకం వేశారు. ధర ప్రింటింగ్ ఖర్చుకు సరిపడా మాత్రమే పెట్టారు.

రెండో ప్రింటు అయ్యాక ఒక గైడ్ల పబ్లిషర్ నుంచి లీగల్ నోటీస్ వచ్చింది. ఆ పేపర్లన్నిటి మీదా ప్రచురణ హక్కులు తమవేనని, పుస్తకం అమ్మకం ఆపాలని, వెబ్‌సైట్ నుంచి అన్నీ తీసేయాలని, నష్టపరిహారం ఇవ్వాలని, 15 రోజుల్లో జవాబు రాకపోతే కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద క్రిమినల్ కేసు పెడతామని అందులో ఉంది.

ఆ చివరి వాక్యమే మాస్టారికి నిద్ర లేకుండా చేసింది. భయం అర్థం లేనిదేమీ కాదు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఈ నేరం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగేది), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రానిది) అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి "పోలీసులు ఇంటికొస్తారా అండీ?" అని అడిగితే, "ఏం కాదులెండి" అని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. నిజంగా తెలిసి చేసిన ఉల్లంఘనకే ఆ సెక్షన్ వర్తిస్తుందని, ముందు ఉల్లంఘన ఉందో లేదో చూద్దామని చెప్పాను.

నా దగ్గరికి రాకముందే జరిగిపోయినవి

నోటీసు అందిన రెండో రోజే ఆయన స్వయంగా ఈమెయిల్‌లో జవాబు రాసేశారు. అందులో ఈ మాట ఉంది: "మేము వాడుకున్న మాట నిజమే, కానీ పేద పిల్లల కోసమే చేశాం, లాభం తీసుకోలేదు."

మంచి మనసుతో రాసిన వాక్యం. చట్టం దృష్టిలో మాత్రం ఇది ఒప్పుకోలు. దేన్ని వాడుకున్నారు? ఎవరి పుస్తకం నుంచి? ఆ ఈమెయిల్ చదివితే అవతలి వాళ్ల గైడ్ చూసి పేపర్లన్నీ టైప్ చేశారనే అర్థం వస్తుంది. వాస్తవం వేరు. మాస్టారి దగ్గర అసలు పేపర్ల కట్టలు ఏడాదివారీగా ఉన్నాయి. నాలుగు మడతల గీతలు, పైన మూలలో పిల్లలు రాసుకున్న హాల్‌టికెట్ నంబర్లు, రాయదలచిన ప్రశ్నల పక్కన పెన్సిల్ టిక్కులు. ఆ కట్టల్ని విప్పి టేబుల్ మీద పరిచినప్పుడే ఈ కేసులో మొదటిసారి నాకు ధైర్యం వచ్చింది. కాపీరైట్ వివాదంలో "ఎక్కడి నుంచి తీసుకున్నావు" అన్నదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. ఆ రోజే ప్రతి పేపర్‌నూ స్కాన్ చేయించి, హాల్‌టికెట్ నంబర్లు కనపడకుండా ఒక కాపీ, ఉన్నవి ఉన్నట్టు ఒక కాపీ భద్రపరిచాం.

రెండో సంగతి, మాస్టారి వెబ్‌సైట్‌కు ఇంటర్నెట్‌లో చోటిచ్చే హోస్టింగ్ కంపెనీకి కూడా పబ్లిషర్ ఫిర్యాదు పంపారు. కాపీరైట్ రూల్స్, 2013లో 75వ నియమం ఒకటి ఉంది. ఫిర్యాదు సరైన రూపంలో వస్తే ఇంటర్మీడియరీ, అంటే హోస్టింగ్ కంపెనీ లాంటి మధ్యవర్తి సంస్థ, 36 గంటల్లోగా ఆ మెటీరియల్‌ను అందకుండా ఆపాలి. ఫిర్యాదు చేసినవాళ్లు 21 రోజుల్లో కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ పెట్టేయవచ్చు. హోస్టింగ్ కంపెనీ ఏది ఎవరిదో చూడకుండా మొత్తం పేపర్ల విభాగాన్ని మూసేసింది. ఫైళ్ల జాబితా ఇచ్చి పబ్లిక్ పరీక్షల పేపర్లైనా తెరవమని రాశాం, వినలేదు.

పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఇంకో పేరుతో ఇంకో చోట పెట్టేద్దామని మాస్టారి మిత్రులు పట్టుబట్టారు. నేను వద్దన్నాను. రేపు అవతలివాళ్లు తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా ఆపమనే కోర్టు ఆదేశం) అడిగితే జడ్జి మొదట చూసేది మన నడవడిక. నోటీసు అందాక దొంగచాటుగా మరో చోట పెట్టిన మనిషి తరఫున "మాది నిజాయితీ గల పని" అని వాదించడం కష్టం. ఆ 21 రోజులూ పిల్లలకు పేపర్లు అందలేదు. నాకూ బాధగానే ఉంది. అయినా ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

నేను పట్టిన తప్పుదారి

మొదటి డ్రాఫ్ట్ జవాబు సెక్షన్ 52(1)(i) మీద నిలబెట్టి రాశాను. బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ ఒక రచనను పునరుత్పత్తి చేస్తే, పరీక్షలో ప్రశ్నగా ఇస్తే, ఆ ప్రశ్నకు జవాబులో వాడితే ఉల్లంఘన కాదని ఆ సెక్షన్ చెబుతుంది. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో (కోర్సు పుస్తకాల భాగాలను జిరాక్స్ తీసి విద్యార్థులకు ఇవ్వడం మీద వచ్చిన కేసు) ఢిల్లీ హైకోర్టు "బోధన" అన్న మాటను క్లాసురూముకే పరిమితం చేయకుండా విశాలంగా చదివింది. మా క్లయింట్ టీచర్, వాడేది విద్యార్థులు. ఇంకేం కావాలి అనుకున్నాను.

డ్రాఫ్ట్ చదివి నా జూనియర్ ఒక ప్రశ్న వేసింది. "సార్, షాపులో ఈ పుస్తకం కొన్న పిల్లాడు మాస్టారికి స్టూడెంట్ అవుతాడా?"

నా దగ్గర జవాబు లేదు. ఫోటోకాపీ కేసులో ఒక యూనివర్సిటీ ఉంది, సిలబస్ ఉంది, ఆ కోర్సు చదివే విద్యార్థులు ఉన్నారు. ఇక్కడ ఎవరైనా కొనుక్కోగలిగే పుస్తకం ఉంది. ధర తక్కువ అయినంత మాత్రాన అమ్మకం బోధన అయిపోదు. మాస్టారు తన ట్యూషన్‌లో పది మందికి జిరాక్స్ పంచి ఉంటే ఆ సెక్షన్ గట్టిగా కాపాడేది. పుస్తకానికి అది గొడుగు కాదు. డ్రాఫ్ట్ పక్కన పడేశాను.

ఆ తర్వాత మరో వాదన నన్ను ఊరించింది: ప్రశ్నపత్రంలో అసలు కాపీరైట్ ఉందా? రెండు ప్లస్ రెండు ఎవరి సొత్తు? ఇది చాలా పాత వాదన, ఓడిపోయిన వాదన కూడా. 1916లో ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ ఆఫ్ లండన్ ప్రెస్ కేసులో సరిగ్గా ఇదే వచ్చింది. లెక్కల ప్రశ్నపత్రాలు కూడా సాహిత్య రచనలేనని, కొత్త ఆలోచన ఉండాల్సిన పని లేదని, ఇంకొకరి నుంచి కాపీ కొట్టకుండా రాస్తే చాలని జస్టిస్ పీటర్సన్ అన్నారు. మన దగ్గర అలహాబాద్ హైకోర్టు కూడా బోర్డు ప్రశ్నపత్రాలను సాహిత్య రచనలుగానే చూసింది, ఆ తీర్పు 1967లో రిపోర్ట్ అయింది. తర్వాత సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో శ్రమ ఒక్కటే చాలదని, కొంతైనా సృజన ఉండాలని ప్రమాణం పెంచింది. దాన్ని పట్టుకుని ఒక్కో ప్రశ్న మీదా పోరాడవచ్చు. కానీ 30 ఏళ్ల పేపర్ల మీద ప్రశ్నకొక వాదన చేయాలంటే మాస్టారి పెన్షన్ ఏమైపోవాలి? గెలిచే వీలున్నంత మాత్రాన క్లయింట్ చేత ఆ యుద్ధం చేయించకూడదు.

అయితే 1916 తీర్పు మళ్లీ చదవడం వృథా కాలేదు. అందులోనే అసలు తాళంచెవి దొరికింది. ఆ ప్రశ్నపత్రాలు రాసిన పరీక్షకులు యూనివర్సిటీ ఉద్యోగులు కారు, కాబట్టి మొదటి హక్కు రాసినవాళ్లదేనని కోర్టు అంది. అంటే అడగాల్సిన ప్రశ్న "కాపీ చేయడం న్యాయమా" అని కాదు, "ఈ కాగితం ఎవరిది" అని.

పేపర్‌ను పొరలుగా విడదీయడం

ఇక అక్కడి నుంచి దారి మారింది. పుస్తకం మొత్తాన్ని ఒకే వస్తువుగా చూడటం మానేసి పొరలుగా విడదీశాం. పబ్లిక్ పరీక్షల పేపర్లు ఒకటి, ప్రీ ఫైనల్ పేపర్లు ఒకటి, ఇంగ్లిష్, తెలుగు పేపర్లలో అపఠిత గద్యం, పద్యం కోసం వేరే రచయితల నుంచి తీసుకున్న భాగాలు ఒకటి, సొల్యూషన్లు ఒకటి. ప్రతి పొరకూ ఒకే ప్రశ్న: హక్కు ఎవరిది, అది నోటీసు పంపినవాళ్లకు ఎలా చేరింది?

పబ్లిక్ పరీక్షల పేపర్లు మొదట. ప్రభుత్వ ఆదేశాల మేరకు తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వమే మొదటి హక్కుదారు. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలకూ సెక్షన్ 17లో ఇలాంటి నిబంధనే ఉంది. రెండింట్లో ఏది వర్తించినా గడువు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు. అంటే మా 22 ఏళ్ల పేపర్లలో ఒక్కటి కూడా గడువు దాటలేదు. "పాతవే కదా" అని మాస్టారు పదేపదే అనేవారు. కాపీరైట్‌లో పాత అంటే తాతల నాటి పాత అని ఆయనకు నచ్చజెప్పడానికి టైమ్ పట్టింది.

మరి ఆ హక్కు గైడ్ల పబ్లిషర్‌కు ఎలా వచ్చింది? నోటీసులో ఒక్క పత్రం ప్రస్తావన కూడా లేదు. పబ్లిషర్‌ను అడిగితే ఏదో ఒకటి చెబుతారు. అందుకే పరీక్షల సంస్థనే అడుగుదామని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. పాత ప్రశ్నపత్రాల ప్రచురణకు ఏ ప్రైవేట్ సంస్థకైనా ప్రత్యేక హక్కు ఇచ్చారా, ఇస్తే ఆ ఒప్పందం కాపీ ఇవ్వండి అని రెండే ప్రశ్నలు. జవాబుకు 30 రోజులు పడుతుంది, నోటీసు గడువు 15 రోజులే. కాబట్టి నోటీసుకు ముందు చిన్న జవాబు పంపాం: మీ హక్కు పత్రాలు చూపండి, అవి చూశాక పూర్తి జవాబు ఇస్తాం, ఈలోగా పుస్తకం కొత్త ప్రింటు వేయం, గతంలో పంపిన ఈమెయిల్ సలహా లేకుండా రాసినది, అందులో "వాడుకున్న" అన్నది అసలు ప్రశ్నపత్రాల గురించి. ఇందులో ఆఖరి వాక్యం రాయడానికే ఎక్కువసేపు పట్టింది. నిజం దాటి ఒక్క అక్షరం పోకూడదు, ఎందుకంటే సొల్యూషన్ల సంగతి అప్పటికి ఇంకా తేలలేదు.

సమాచార హక్కు జవాబు వచ్చింది: ఎవరికీ ప్రత్యేక హక్కు ఇవ్వలేదు. మాస్టారు ఫోన్‌లోనే పిల్లాడిలా సంబరపడ్డారు. ఆయన్ని అక్కడే ఆపాల్సి వచ్చింది. వాళ్లకు హక్కు లేదని తేలితే మనకు ఉన్నట్టు కాదు. ఆ పేపర్లు ఇంకా ఆ సంస్థవే. రేపు వాళ్లే నోటీసు పంపవచ్చు. అందుకే అదే వారంలో అనుమతి కోరుతూ మాస్టారి చేత ఉత్తరం రాయించాను. ఆ ఉత్తరం వల్ల మన బలహీనత బయటపడుతుందని ఒక సీనియర్ మిత్రుడు అన్నారు. నాకు అలా అనిపించలేదు. పిల్లల కోసం పేపర్లు కావాలనేది దాచుకోవాల్సిన విషయం కాదు. మూడు రిమైండర్ల తర్వాత అనుమతి వచ్చింది. ప్రశ్నల్లో మార్పు చేయకూడదు, మూలం పేరు వేయాలి, అధికారిక ప్రచురణలా కనపడకూడదు అన్నవి షరతులు.

ప్రీ ఫైనల్ పేపర్ల దగ్గర పబ్లిషర్ ఒక కాగితం చూపించారు. స్కూళ్ల సంఘం లెటర్‌హెడ్ మీద కార్యదర్శి సంతకంతో నాలుగు వాక్యాలు: "మా ప్రీ ఫైనల్ పేపర్ల ప్రచురణ హక్కులు మీకు ఇస్తున్నాము" అని. ఎన్నేళ్లకో లేదు. సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లుగా లెక్క, లైసెన్సుకూ అదే సూత్రం. ఆ ఉత్తరం రాసి ఆరేళ్లు దాటింది.

అంతకంటే లోతైన లోపం ఇంకొకటి. ఆ పేపర్లు సెట్ చేసింది వేర్వేరు స్కూళ్ల టీచర్లు. సంఘం వాళ్లకు పేపర్‌కింత అని రెమ్యునరేషన్ ఇచ్చి వోచర్ మీద సంతకం తీసుకుంది, అంతే. వాళ్లు సంఘం ఉద్యోగులు కారు, హక్కులు రాసిచ్చిన పత్రమూ లేదు. డబ్బు తీసుకున్నంత మాత్రాన కాపీరైట్ చేతులు మారదు, రాతపూర్వకంగా సంతకం చేసిన బదిలీ ఉండాలి. అంటే సంఘం దగ్గర లేనిదాన్ని సంఘం పబ్లిషర్‌కు ఇచ్చింది.

ఆ 31

సొల్యూషన్ల గురించి మాస్టారిని మొదటి రోజే అడిగాను. "మేమే చేశాం" అన్నారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అయినా గైడ్ కొని తెప్పించి, ఒక ఆదివారం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

లెక్కల్లో పోలిక కనపడటం సహజం. ఒక లెక్కకు దారి ఒకటో రెండో ఉంటాయి, ఎవరు చేసినా అవే మెట్లు. 2008లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ, నరేంద్ర పబ్లిషింగ్ హౌస్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆలోచన కూడా ఇలాగే సాగింది: గణిత సూత్రాల మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదు, టెక్స్ట్‌బుక్ లెక్కలకు మెట్టు మెట్టుగా జవాబులు ఇచ్చే గైడ్ ఉల్లంఘన కాదు. కాబట్టి పోలికల గురించి నేను కంగారు పడలేదు. నేను వెతికింది తప్పుల కోసం.

వృత్తానికి స్పర్శరేఖ లెక్క ఒకటి. వ్యాసార్ధం 5 సెం.మీ., కేంద్రం నుంచి బిందువు దూరం (OP) 13 సెం.మీ., స్పర్శరేఖ పొడవు ఎంత? గైడ్‌లో రెండో లైన్‌లో అంకెలు తారుమారై "OP = 31 సెం.మీ." అని పడింది. మూడో లైన్‌లో మళ్లీ సరిగ్గా 13² − 5² అని ఉంది, జవాబు 12. మా పుస్తకం తెరిచాను. రెండో లైన్: "OP = 31 సెం.మీ." మూడో లైన్: 13² − 5².

సరైన జవాబు ఇద్దరికీ ఒకేలా రావచ్చు. ఒకే అచ్చుతప్పు ఒకే చోట రెండుసార్లు పుట్టదు. వెతికితే అలాంటివి ఇంకో నాలుగు దొరికాయి, అన్నీ మూడేళ్ల సొల్యూషన్లలోనే, మొత్తం 41 పేజీలు. మాస్టారి ముందు పెడితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మూడేళ్ల భాగం మిత్రుల్లో ఒకరికి అప్పగించారట. ఆయన టైమ్ లేక గైడ్ నుంచి దించేశారు.

సెక్షన్ 60 కింద, ఆధారం లేని బెదిరింపులు చేస్తున్నారని మేమే కోర్టుకు వెళ్లి ప్రకటన కోరాలన్న ఆలోచన అప్పటిదాకా నా మనసులో ఉంది. పేపర్ల వరకు చూస్తే బలమైన కేసే. ఈ 41 పేజీలతో ఆ ఆలోచన వదిలేశాను. మన ఫిర్యాదులో "ఆధారం లేదు" అన్న మాటకు అవతలి లాయర్ ఆ 31 చూపిస్తే చాలు, మిగతా 22 ఏళ్ల నిజాయితీ కూడా దానితో పాటే కొట్టుకుపోతుంది.

పరిష్కారం

అందుకే పూర్తి జవాబులో మా తప్పు మేమే ముందు చెప్పాం. అవతలివాళ్లకు అది అప్పటికి తెలియదు, నోటీసులో సొల్యూషన్ల ఊసే లేదు. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. దాచి గెలవవచ్చు. కానీ పుస్తకం బజారులో ఉంది, ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడుతుంది, అప్పుడు "తెలిసీ" అన్న మాట సెక్షన్ 63లోకి నిజంగానే వచ్చి కూర్చుంటుంది. పైగా మాస్టారు ఒప్పుకోలేదు. "పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పిన నోరండీ ఇది" అన్నారు. ఆ మాటతో నా ఆలోచన తేలిపోయింది.

జవాబుకు మూడు భాగాలు. పబ్లిక్ పేపర్ల మీద మీకు హక్కు లేదు, ఇదిగో సమాచార హక్కు జవాబు. ప్రీ ఫైనల్ పేపర్ల మీద మీ ఉత్తరం గడువు తీరింది, ఇచ్చినవాళ్లకూ హక్కు లేదు. 41 పేజీల సొల్యూషన్లు మీవి, తీసేస్తున్నాం, విచారిస్తున్నాం.

అవతలి లాయర్ వారంలో ఫోన్ చేశారు. మర్యాదగా మాట్లాడారు. రెండు సిట్టింగుల్లో రాజీ కుదిరింది. మిగిలిన కాపీల్లో ఆ పేజీలు తీసేయడం, వెబ్‌సైట్‌లో ఒక సవరణ ప్రకటన పెట్టడం మా వంతు. పేపర్ల మీద క్లెయిమ్, హోస్టింగ్ కంపెనీకి ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం వాళ్ల వంతు. డబ్బు ప్రస్తావన వచ్చినప్పుడు ప్రింటింగ్ బిల్లులు, అమ్మకాల పుస్తకం ముందు పెట్టాం. లాభం లేకపోవడం ఉల్లంఘనకు మినహాయింపు కాదు, కానీ పంచుకోవడానికి లాభమే లేనప్పుడు పరిహారం అడిగే గొంతు తగ్గుతుంది. చెల్లింపు లేకుండానే సంతకాలు అయ్యాయి.

నేను మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు ఇలాంటి నోటీసుతో ఎవరు వచ్చినా చట్టం పుస్తకం తీయడానికి ముందు రెండు పనులు చేస్తున్నాను. మీ మూలం కాగితాలు తెండి అంటాను. తర్వాత అవతలివాళ్ల పుస్తకం కొని తప్పుల కోసం చదువుతాను. క్లయింట్ మాట మీద నమ్మకం లేక కాదు. పుస్తకం అంటే నలుగురు కలిసి చేసే పని, ఆ నలుగురిలో ఒకరు ఏం చేశారో క్లయింట్‌కే తెలియకపోవచ్చు.

అపఠిత భాగాల గురించి కూడా ఒక మాట. పరీక్షలో ప్రశ్నగా ఒక కవి పద్యం ఇవ్వడానికి చట్టంలో మినహాయింపు ఉంది. అదే పేపర్‌ను మూడో వ్యక్తి పుస్తకంలో అచ్చు వేసినప్పుడు ఆ మినహాయింపు దానంతటదే వెంట రాదు. పరీక్షల సంస్థ అనుమతి ఆ సంస్థకు ఉన్న హక్కు వరకే. అందుకని కొత్త ఎడిషన్‌లో కాపీరైట్ గడువు తీరని రచనల భాగాలు తీసేసి, రచయిత పేరు, పుస్తకం పేరు వేసి, ప్రశ్నలు మాత్రం ఉంచాం. పిల్లలకు కొంత ఇబ్బందే.

ప్రీ ఫైనల్ పేపర్లకు ఆ సెట్టర్లను ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ మాస్టారే తిరిగారు. ఐదేళ్ల పేపర్లు సెట్ చేసినవాళ్లు దొరికారు. ఒక పేజీ లైసెన్సు పత్రం తయారు చేసి ఇచ్చాను, అందులో కాలపరిమితి, ముద్రణ, ఇంటర్నెట్ అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. అందరూ ఆనందంగా సంతకం పెట్టారు. పేపర్ మీద హక్కు తమదని వాళ్లలో ఎవరికీ అప్పటిదాకా తెలియదు. మిగతా మూడేళ్ల పేపర్ల సెట్టర్లలో ఒకరు చనిపోయారు, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. ఆ మూడేళ్లవీ కొత్త ఎడిషన్‌లో లేవు. తీసేసిన 41 పేజీల సొల్యూషన్లు మాస్టారు స్వయంగా, మొదటి నుంచి, చేత్తో రాసి డీటీపీకి ఇచ్చారు. ప్రూఫు వచ్చినప్పుడు స్పర్శరేఖ లెక్క ఉన్న పేజీ మాత్రం నాకు పంపారు. రెండో లైన్‌లో 13 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది.